ప్రకటనకి కులం లేదంటారా? ఇంటర్నెట్ సంపాదన పాఠాల మీద ఒక విమర్శ

ఈ మధ్య మా దగ్గరికొచ్చే విద్యార్థులు ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. "బ్లాగు పెడితే, సైటు పెడితే ఇంట్లో కూర్చునే డబ్బులొస్తాయంట కదండీ, నిజమేనా?" అడిగేవాళ్ళు ఎవరు? డిగ్రీ అయిపోయి, బియెడ్ చేసి, డియెస్సీ కోసం ఏళ్ళు ఎదురుచూసి, వయసు దాటుతోందని హాస్టలు ఖాళీ చేసిన మాల, మాదిగ పిల్లలు. కొందరు అమీర్‌పేటలో డబ్బు కట్టి కోర్సు చేసొచ్చారు. కొందరు ఫోన్లో ఉచిత పాఠాలు చూశారు. ఆ పాఠాల్ని మేమూ కూర్చుని చూశాం. ఆ చిన్న పుస్తకాల్నీ చదివాం. కథనీ కవితనీ విమర్శించినట్టే వీటినీ విమర్శించాలని మాకనిపించింది. ఎందుకంటే ఇవీ కథలే. వీటికీ ఒక కథానాయకుడున్నాడు, ఒక లోకం ఉంది, ఒక సుఖాంతం ఉంది. మన పిల్లలు ఈ కథని నమ్మి ఏడాది, రెండేళ్ళు పెడుతున్నారు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మన పత్రికలు ఆగిపోతున్నప్పుడల్లా మన మిత్రులే ఒక మాట అంటున్నారు. "కాగితం ఎందుకు, ఇంటర్నెట్లో పెట్టండి. ప్రకటనలు వాటంతటవే వస్తాయి. ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు." ఈ మాటలో నిజమెంత? దళిత పత్రికకి ప్రకటనల డబ్బు అన్నం పెడుతుందా? ఈ వ్యాసం ప్రధానంగా ఈ ప్రశ్న గురించే.

పాఠంలోని కథానాయకుడు

పాఠాలన్నిటిదీ ఒకే వరస. మొదట ఒక విషయం ఎంచుకో. సైటుకి పేరు కొనుక్కో. ముప్పై నలభై వ్యాసాలు రాసిపెట్టు. గూగుల్ యాడ్‌సెన్స్‌కి దరఖాస్తు పెట్టు. ఆమోదం వచ్చాక ప్రకటనలు పడతాయి. ఆరునెలలు ఓపిక పట్టు. ఆ తర్వాత నువ్వు నిద్రపోతున్నా డబ్బొస్తూనే ఉంటుంది. ఇదీ కథ.

ఇందులో అబద్ధం ఎక్కడుందని వెతకనక్కర్లేదు. చెప్పిన అడుగులన్నీ నిజంగా ఉన్నవే. చూడాల్సింది ఈ కథ ఎవర్ని ఊహించుకుని రాశారనేది. ఆరునెలలు ఓపిక పట్టమంటున్నారంటే ఆ ఆరునెలలూ అతనికి అన్నం ఎవరో పెడుతున్నారు. తలుపేసుకోవడానికి గది ఉంది. టేబులుంది. కంప్యూటరుంది. "పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నావురా, కూలికన్నా పోకూడదా" అని అడిగే అమ్మ లేదు. ఇంగ్లీషు వచ్చు. ఈ కథానాయకుడి కులం పాఠంలో ఎక్కడా చెప్పరు. మన సాంఘిక నవలల్లో కూడా నాయకుడి కులం చెప్పేవారు కాదు కదా. చెప్పకపోయినా మనకి తెలిసేది.

జాతీయ నమూనా సర్వే 2017-18లో లెక్కవేస్తే దేశంలో కంప్యూటరున్న కుటుంబాలు నూటికి 11 కూడా లేవు. గ్రామాల్లో నూటికి 4 పైచిలుకు మాత్రమే. ఆ తర్వాత చవక ఫోన్లూ, చవక డేటా వాడవాడకీ వచ్చిన మాట నిజమే. కాని ఫోను చూడ్డానికి పనికొచ్చినంతగా రాయడానికి పనికిరాదు. అయినా మన పిల్లలు ఫోన్ల మీదే, బొటనవేళ్ళతోనే, పేజీలకి పేజీలు రాస్తున్నారు. అది వాళ్ళ గొప్పతనం. ఆ గొప్పతనాన్ని పాఠం లెక్కలోకి తీసుకోదు.

ఒక చిన్న సంగతి చెప్తాం. యాడ్‌సెన్స్ ఖాతాలో పది డాలర్లు చేరగానే చిరునామా సరైనదో కాదో చూడ్డానికి పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. ఆ నంబరు ఎక్కిస్తేగాని డబ్బు విడుదల కాదు. మాకు తెలిసిన ఒక కుర్రాడికి ఆ ఉత్తరం రెండుసార్లు అందలేదు. వాళ్ళ గూడెంలో ఇళ్ళకి సరైన నంబర్లు లేవు. వాళ్ళ ఉత్తరాలు ఊళ్ళో ఒక కొట్టు దగ్గర పడేసి పోతారు. మూడోసారి అతను ఆ కొట్టు దగ్గరే రోజూ కాపలా కాసి తెచ్చుకున్నాడు. అమెరికా కంపెనీ నుంచి హైదరాబాద్ దాకా సజావుగా వచ్చిన ఉత్తరం, ఊరికీ గూడేనికీ మధ్యనున్న అర కిలోమీటరు దాటలేకపోయింది. ఇంటర్నెట్‌కి దూరాలు లేవని చెప్పేవాళ్ళు ఆ అర కిలోమీటరు గురించి కూడా చెప్పాలి.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

డబ్బు రాయడంవల్ల వస్తుందని పాఠాలు చెప్తాయి. ఇది సరికాదు. అది ఎలా నడుస్తుందో చదువరులు ఓపిగ్గా వినాలి.

ఎవరో ఒక మనిషి ఒక పేజీ తెరుస్తాడు. పేజీలో ప్రకటనకి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కోసం కంపెనీల తరఫున యంత్రాలు వేలం పాడతాయి. పేజీ తెరుచుకునేలోపే, రెప్పపాటులో, వేలం ముగుస్తుంది. ఎక్కువ ధర పెట్టిన ప్రకటన అక్కడ కనబడుతుంది. గూగుల్ 2003లో ఈ ఏర్పాటుని బయటి సైట్లకి తెరిచింది. తన వాటా ఎంతో 2010 దాకా చెప్పలేదు. అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం వ్యాసాల పక్కన పడే ప్రకటనల మీద సైటు యజమానికి నూటికి 68 వస్తాయి. యూట్యూబ్‌లో మామూలు వీడియోల మీద 55, పొట్టి వీడియోల మీద 45. ఖాతాలో వంద డాలర్లు నిండేదాకా చేతికి పైసా రాదు. 68 అంటే పెద్ద వాటాగానే కనబడుతుంది. కౌలు ఒప్పందంలోనూ వాటాలుంటాయి. అసలు పంటెంత పండింది అనేది కదా ప్రశ్న.

ఆ వేలంలో ధర దేనికి పలుకుతుంది? రాత బాగుందా, నిజమా, జనానికి అవసరమా అని యంత్రం చూడదు. చదివేవాడు ఏ దేశంలో ఉన్నాడు, ఏ ఊళ్ళో ఉన్నాడు, ఏ భాషలో చదువుతున్నాడు, ఇంతకుముందు ఏం వెతికాడు, ఏం కొనేట్టున్నాడు అని చూస్తుంది. అమెరికాలో కూర్చుని ఇన్సూరెన్స్ గురించి ఇంగ్లీషులో చదివేవాడికి పలికే ధర వేరు. ప్రకాశం జిల్లాలో పొగాకు కూలికెళ్ళొచ్చి రాత్రిపూట తెలుగులో చదివే మనిషికి పలికే ధర వేరు. ఈ బజార్లో అమ్ముడుపోతున్నది రాత కాదని, చదువరి అని గ్రహిస్తే తక్కినదంతా అర్థమౌతుంది.

మరి మన చదువరి ఎవరు? ఇల్లు కొనబోయేవాడు కాదు. కారు కొనబోయేవాడు కాదు. షేర్లు కొనేవాడు అంతకన్నా కాదు. ఈ దేశంలో భూమీ, ఉద్యోగం, అప్పు పుట్టించుకునే పరపతీ కులాన్ని బట్టి పంచబడ్డాయి. కొనుగోలు శక్తి కూడా ఆ పంపకాన్ని బట్టే ఉంది. యంత్రానికి కులం పేరు తెలియనక్కర్లేదు. కొనుగోలు శక్తిని కొలిస్తే చాలు, కులం దానంతటదే వచ్చి తక్కెడలో కూర్చుంటుంది.

తెలుగుకి పట్టిన పదిహేనేళ్ళు

ఇంకో సంగతి పాఠాలు దాటేస్తాయి. ఇంగ్లీషు సైట్లకి 2003లో అందిన యాడ్‌సెన్స్, హిందీకి 2014 చివర్లో అందింది. తెలుగుకి 2018 సెప్టెంబర్లో అందింది. అంటే తెలుగులో రాసేవాడు ఆ దుకాణం గుమ్మం దగ్గర పదిహేనేళ్ళు నిలబడ్డాడు. అప్పటిదాకా తెలుగు పేజీల్లో ఆ ప్రకటనలు పెట్టడానికి నియమాలు ఒప్పుకునేవి కావు.

2005 నుంచి 2010 దాకా తెలుగులో బ్లాగులు ఉధృతంగా వచ్చాయి. తెలుగు టైపు చేసుకోవడానికి లేఖిని, బ్లాగుల్ని ఒకచోట చూపించే కూడలి, జల్లెడ వంటివి ఆ రోజుల్లోవే. పైసా రాకపోయినా జనం రాశారు. ఆ నిస్వార్థాన్ని మేం తక్కువచెయ్యం. కాని రాసినవాళ్ళలో చాలామంది అప్పటికే కంప్యూటర్ ఉద్యోగాల్లో స్థిరపడ్డవాళ్ళని మాకు గుర్తు. వాళ్ళకి రాత సరదా. జీతం వేరే చోటినుంచి వచ్చేది. మనవాళ్ళకి కంప్యూటర్లు, ఫోన్లు చేతికందేసరికి సరదా రోజులు పోయి సంపాదన పాఠాల రోజులొచ్చాయి. అప్పటికి రాసేవాళ్ళు లక్షలయ్యారు. యూట్యూబ్ 2018 జనవరిలో గుమ్మాన్ని ఇంకా ఎత్తు చేసింది. వెయ్యిమంది చందాదారులూ, ఏడాదిలో నాలుగువేల గంటల చూపూ ఉంటేనే ప్రకటనల్లో వాటా అంది. తర్వాత చేరినవాడికి గుమ్మం ఎత్తుగా ఉండటం మనకి కొత్తేమీ కాదు.

బాబాసాహెబ్ ముందే చెప్పిన మాట

ప్రకటనకీ కులానికీ ఉన్న సంబంధం గురించి మనం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. అంబేద్కర్ జీవితంలోనే అది రెండుసార్లు ఎదురొచ్చింది.

మొదటిది 1920. జనవరి 31న 'మూక్‌నాయక్' మొదటి సంచిక వచ్చింది. ఛత్రపతి షాహూ మహరాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు. పత్రిక వస్తోందని జనానికి తెలియాలి కదా. అందుకోసం తిలక్ గారి 'కేసరి'కి ప్రకటన పంపారు. ఊరికే వెయ్యమనలేదు, డబ్బిస్తామన్నారు. అయినా 'కేసరి' వెయ్యలేదు. అప్పటికి తిలక్ బతికే ఉన్నారు. స్వరాజ్యం జన్మహక్కన్న పత్రికలో, అంటరానివాడి డబ్బుకి నాలుగంగుళాల చోటు దొరకలేదు. డబ్బుకి కులం లేదనేవాళ్ళు ఈ ఒక్క సంఘటనకి జవాబు చెప్పాలి.

రెండోది 1945. కాంగ్రెస్, గాంధీ అస్పృశ్యులకి చేసిందేమిటో లెక్కతేల్చిన పుస్తకంలో, అంటరానివాళ్ళకి సొంత పత్రికలు ఎందుకు లేవో ఆయన చెప్పారు. ఆయన వాదన సారాంశం ఇది. ప్రకటనల ఆదాయం లేకుండా ఏ పత్రికా బతకదు. ఆ ఆదాయం వ్యాపారుల దగ్గరనుంచే రావాలి. ఈ దేశంలో చిన్నా పెద్దా వ్యాపారమంతా కాంగ్రెస్‌ని అంటిపెట్టుకుని ఉంది. కాబట్టి మన పత్రికకి ప్రకటన రాదు. ఆయన మనవాళ్ళకి రాయడం రాదనలేదు, చదివేవాళ్ళు లేరనలేదు. వ్యాపారి చేతిలో పత్రిక ప్రాణం ఉందన్నారు. ఇరవై అయిదేళ్ళు పత్రికలు నడిపి, అప్పులు మోసి, మూసి, మళ్ళీ తెరిచిన మనిషి చెప్పిన మాట ఇది.

మన దగ్గరా అంతే. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. కారంచేడు తర్వాత 'నలుపు' వంటి పత్రికలొచ్చాయి. వీటిలో ఏదీ వ్యాపారుల దయతో పుట్టింది కాదు.

"మార్కెట్‌కి కులం లేదు" అనే వాదం

ఇక్కడ మన మిత్రుల్లోనే ఒక వాదం ఉంది. దాన్ని నిజాయితీగా ముందుపెట్టి మాట్లాడాలి. చంద్రభాన్ ప్రసాద్ వంటి ఆలోచనాపరులు, 2005లో పుణెలో మొదలైన దళిత వ్యాపారుల సంఘం డిక్కీ వాళ్ళు, మార్కెట్ కులాన్ని బలహీనపరుస్తుందని చాలాకాలంగా అంటున్నారు. ఆ వాదాన్ని ఇంటర్నెట్ ప్రకటనలకి అన్వయిస్తే ఇలా ఉంటుంది. 'కేసరి'లో ఒక బ్రాహ్మణ మేనేజరు కూర్చుని వద్దన్నాడు. గూగుల్ వేలంలో ఏ మేనేజరూ లేడు. ప్రకటన ఇచ్చే సేటుకి తన ప్రకటన దళిత పేజీలో పడిందో రెడ్డి పేజీలో పడిందో తెలియనే తెలియదు. కాబట్టి అంబేద్కర్ చెప్పిన అడ్డు తొలగిపోయింది.

ఈ వాదంలో కొంత నిజం ఉంది. ఒప్పుకుందాం. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన పరిశీలనలో పత్రికలు, టీవీలు, సైట్లలోని 121 నాయకత్వ స్థానాలు చూస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలవి ఒక్కటీ లేవు. అలాంటి దేశంలో ఎవరి అనుమతీ లేకుండా ఒక దళిత విద్యార్థి తన పేజీ తాను తెరుచుకోవడం చిన్న సంగతి కాదు. రౌండ్ టేబుల్ ఇండియా, హైదరాబాద్ విద్యార్థుల మధ్య పుట్టిన దళిత్ కెమెరా వంటివి పెద్ద పత్రికలు రాయని సంగతుల్ని లోకానికి చూపించాయి. అచ్చు వెయ్యడానికి అడ్డు తొలగింది. అది నిజం.

కాని వేసినదానికి అన్నం దొరకడం వేరు సంగతి. మొదటి అడ్డు తొలగితే రెండోదీ తొలగినట్టేనని ఈ మిత్రులు అనుకుంటున్నారు. అక్కడే మాకు పేచీ. దాన్ని ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం.

చుండూరు పేజీకి ధరెంత?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఒక విద్యార్థి ఈ ఇరవై మూడేళ్ళ చరిత్రని, సాక్ష్యాలతో, తీర్పులతో తెలుగులో ఒక పేజీగా రాశాడనుకుందాం. ఆ పేజీ మీద ప్రకటన ఎలా పడుతుంది?

గూగుల్‌లో ప్రకటన ఇచ్చే కంపెనీకి కొన్ని గడులు చూపిస్తారు. ఏ రకం పేజీల మీద నీ ప్రకటన వద్దో టిక్కు పెట్టుకోవచ్చు. అందులో ఒక గడి 'విషాదం, ఘర్షణ'. ఇంకొకటి 'సున్నితమైన సామాజిక సమస్యలు'. విడివిడిగా మాటల జాబితా ఇచ్చి, ఆ మాటలున్న పేజీల్నీ వద్దనొచ్చు. సబ్బు కంపెనీ, బంగారం కొట్టు, అపార్టుమెంట్ల కంపెనీ శవాల పక్కన తమ బొమ్మ ఎందుకుండాలని ఈ గడుల్ని టిక్కు పెడతాయి. వాళ్ళకి మన మీద ద్వేషం ఉండనక్కర్లేదు. 'కేసరి' మేనేజరు అక్కర్లేకుండానే 'కేసరి' పని జరిగిపోతుంది. వేలంలో పాటగాళ్ళు తగ్గుతారు. ధర పడిపోతుంది.

ఇప్పుడు మన రాతల జాబితా ఒకసారి చూసుకోండి. కారంచేడు, చుండూరు, లక్షింపేట. రోహిత్ వేముల. పాకీ పని, మురికిగుంటల్లో చావులు. రెండు గ్లాసులు. జోగిని. ఏది 'విషాదం' కాదు? ఏది 'సున్నితమైన సామాజిక సమస్య' కాదు? పక్కవాడికి ఈ గడి ఎప్పుడో ఒకసారి తగిలే అడ్డు. మనకి మన జీవితం మొత్తం ఆ గడిలోనే ఉంది. ఇది మనకొక్కళ్ళకే జరుగుతున్నదీ కాదు. 2019లో అమెరికాలో వైస్ మీడియా సంస్థ, ప్రకటనదారులు అడ్డుకునే మాటల్లో కొన్ని జనసమూహాల పేర్లే ఉన్నాయని, ఇకమీదట ఆ మాటల్ని అడ్డుకోనివ్వమని ప్రకటించాల్సి వచ్చింది. మనుషుల పేరే ప్రమాదకరమైన మాట అయితే ఆ మనుషులు తమ గురించి ఎలా రాసుకోవాలి?

2018 సెప్టెంబరునే మళ్ళీ తల్చుకుందాం. ఆ నెల 14న మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్య కళ్ళముందే, ప్రణయ్‌ని నరికి చంపారు. అదే నెలలో హైదరాబాద్‌లో తెలుగుకి యాడ్‌సెన్స్ వచ్చిందని ప్రకటించారు. ఈ రెంటికీ కారణ సంబంధం ఏమీ లేదు. కాని ఆ తర్వాతి ఏళ్ళలో ఏం చూశాం? ఆ హత్య గురించి లెక్కలేనన్ని వీడియోలు. ఆ అమ్మాయి ఏడుపు, ఆమె పెళ్ళి, ఆమె బట్టలు, ఆమె తండ్రి మీద జాలి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసినప్పుడు మళ్ళీ అదే జాతర. కులహత్య అని పేరుపెట్టి, ఎవరు ఎందుకు చంపించారో విడమర్చి చెప్పిన పేజీకి గడి అడ్డం. అదే సంగతిని కులం పేరెత్తకుండా, ప్రేమకథగా, కుటుంబ కలహంగా వండిపెట్టిన వీడియోకి లక్షల చూపులు. చావు మనది, వడ్డీ ఇంకొకరిది. పైగా ప్రకటనల్లో పెద్ద ఖాతాదార్లలో పెళ్ళిసంబంధాల కంపెనీలున్నాయి. ఒక్కో కులానికి ఒక్కో సైటు నడిపే కంపెనీలవి. కులంలోనే పెళ్ళి చేసుకోమనే బేరం సున్నితమైన సమస్య కాదు, మంచి ప్రకటన. కులం దాటితే చంపారని రాయడం సున్నితమైన సమస్య. ప్రకటనకి కులం లేదంటే ఇంకేం అనాలి?

ధర చేతినే మారుస్తుంది

డబ్బు రాకపోవడం ఒక నష్టం. అంతకన్నా పెద్ద నష్టం, కొంచెం కొంచెం వచ్చినప్పుడు జరుగుతుంది. పసుపు గుర్తు పడితే వీడియోకి ప్రకటనలు తగ్గుతాయి. ఆ గుర్తు పడకుండా ఉండాలని మనవాళ్ళే 'హత్య' అనే మాట మధ్యలో బీప్ వేస్తున్నారు. 'అత్యాచారం' అనే చోట అక్షరాల బదులు చుక్కలు పెడుతున్నారు. మొదట మాట పోతుంది. తర్వాత విషయం పోతుంది. మూడు నెలలు అట్రాసిటీ కేసుల మీద రాసిన కుర్రాడు, నాలుగో నెల ప్రభుత్వ పథకాలకి దరఖాస్తు ఎలా పెట్టాలో రాస్తాడు. ఆరో నెల సినిమా కబుర్లు రాస్తాడు. అతన్ని మేం తప్పుపట్టడం లేదు. పథకాల సమాచారం కూడా మనవాళ్ళకి కావాల్సిందే. కాని ఎవరూ వద్దనకుండానే, ఎవరూ బెదిరించకుండానే, చుండూరు అతని పేజీలోంచి వెళ్ళిపోయింది. దీన్ని సెన్సారు అనడానికి మనకి నోరు రాదు, ఎందుకంటే కత్తెర పట్టుకున్న మనిషి కనబడడు.

పల్లెటూరి మనుషులకి డబ్బే రాదని మేం అనడం లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' చూడండి. ఊరి భాషని, ఊరి మనుషుల్ని లోకమంతా చూసేట్టు చేసింది. అందులో నటించిన గంగవ్వ 2020లో టీవీలో బిగ్‌బాస్ దాకా వెళ్ళింది. కూలిపని చేసిన ముసలమ్మ తన యాసతోనే గెలిచిందంటే సంతోషించాల్సిందే. అయితే ఏది గెలిచిందో గమనించాలి. పల్లె నవ్వుకి బజారుంది. పల్లె రెండుగా చీలి ఉందని చెప్పే మాటకి బజారు లేదు. తెలంగాణ జానపద పాటల సంగతీ ఇలాంటిదే. పాట కట్టినదీ పాడినదీ చాలాసార్లు మన అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు. ప్రకటనల డబ్బు మాత్రం చానల్ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళకే పోతుంది. పాడినవాళ్ళు ఒకపూట పారితోషికం తీసుకుని ఇంటికి పోతారు. పాట పదేళ్ళు తిరుగుతుంది. డప్పు మనది, దరువు మనది, పట్టా ఇంకొకరి పేరున. కాబట్టి పాడే పిల్లలకి మేం చెప్పేది ఒక్కటే. ఖాతా ఎవరిదో, కాగితం మీద వాటా ఎంతో తేల్చుకున్నాకే గొంతు విప్పండి.

ఇంకో ప్రమాదం. ఇచ్చినవాడు ఏ క్షణమైనా తీసేసుకోవచ్చు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఒక్క రాత్రిలో లక్షలమంది తమ ప్రేక్షకుల్ని పోగొట్టుకున్నారు. 2024 నుంచి గూగుల్ వెతుకులాటలో జవాబుని యంత్రమే పైన రాసి చూపిస్తోంది. జవాబు అక్కడే దొరికితే బ్లాగు తెరిచేదెవరు? తెరవకపోతే వేలమే లేదు. పదేళ్ళ కిందటి పాఠాన్నే ఇవాళ కూడా డబ్బు తీసుకుని చెప్తున్నవాళ్ళు ఈ మార్పు సంగతి పిల్లలకి చెప్పాలి. ఈ పాఠాల వల్ల ఖాయంగా సంపాదించేది పాఠం అమ్మేవాడొక్కడే. గోదావరి పుష్కరాల్లో మునిగినవాడికి పుణ్యం వచ్చిందో లేదో తెలియదు. కొబ్బరికాయలమ్మినవాడికి మాత్రం లాభం వచ్చింది.

మరేం చెయ్యాలి?

అయితే ప్రకటనలు ముట్టుకోవద్దంటారా అని అడుగుతారు. మేం అలా అనం. అంటు పాటించడం మన పద్ధతి కాదు. వచ్చిన నాలుగు డాలర్లతో సైటు అద్దె కట్టుకోండి. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, ఏదన్నా పని తెలిసినవాళ్ళు, ఆ పని గురించి రాసి సంపాదించుకోండి. అది ఒక ఉపాధి. కూలికెళ్ళడం కన్నా ఎక్కువా కాదు తక్కువా కాదు. కాని రెండు పనుల్ని కలపొద్దు. అన్నం కోసం రాసే పేజీ ఒకటి, జాతి కోసం రాసే పేజీ ఒకటి. రెండోదాని ప్రాణాన్ని వేలం యంత్రం చేతిలో పెట్టొద్దు.

ఆ రెండో పేజీ దేనితో బతకాలి? 1920లో దేనితో బతికిందో దానితోనే. చందాతో. 2002లో చిత్రకూట్‌లో మొదలైన 'ఖబర్ లహరియా'ని దళిత, గ్రామీణ స్త్రీలు ఇరవై ఏళ్ళకి పైగా నడుపుతున్నారు. కాగితం నుంచి ఫోనుకి మారారు. చుండూరు లాంటి వార్తలే వాళ్ళవి కూడా. విరాళాలూ, చందాలూ, సంస్థల తోడ్పాటూ కలిపి నిలబడ్డారు తప్ప వేలాన్ని నమ్ముకుని కాదు.

చందా అడగాలంటే మనకి సిగ్గు. ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళు ఏప్రిల్ 14న ఫ్లెక్సీలకి పెట్టే ఖర్చులో కొంత పత్రికకి మళ్ళిస్తే చాలు. ఆ మాట వాళ్ళ మొహం మీదే చెప్పాలి. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, సంఘాల వాళ్ళు నెలకి యాభయ్యో వందో ఇచ్చేట్టు జాబితా తయారుచేసుకోవాలి. వేలంలో ఏ ధరా పలకని మన చదువరే, తన చేత్తో ఇచ్చిన యాభై రూపాయలతో పత్రిక యజమాని అవుతాడు. అలా ఇచ్చిన చదువరి అమ్ముడుపోయే సరుకుగా ఉండడు. లెక్క అడిగే మనిషవుతాడు. మన పత్రికలకి అలాంటి మనిషి కావాలి.

రాసిన ప్రతిదాన్నీ సొంత ప్రతి తీసి దాచుకోవాలి. గ్రంథాలయాలకి ఒక కాగితం ప్రతి ఇవ్వాలి. కంపెనీ సర్వరు మన గూడెం కాదు. ఖాళీ చెయ్యమంటే ఎదురు తిరగడానికి అక్కడ పట్టా ఉండదు.

ఈ వ్యాసంతో అందరూ ఏకీభవించాలని మేం అనుకోవడం లేదు. ప్రకటనల మీదనే దళిత పత్రికని నిలబెట్టిన అనుభవం ఎవరికైనా ఉంటే రాయండి. లెక్కలతో సహా రాయండి, వేస్తాం. మేం పొరబడితే దిద్దుకుంటాం. కోర్సుకి డబ్బు కట్టబోయే పిల్లలకి మాత్రం ఈ సంచిక కాపీ తీసి ఇవ్వండి. డబ్బొస్తుందా అని వాళ్ళు మమ్మల్ని అడిగారు. కొందరికి కొంత వస్తుంది. చుండూరు గురించి రాస్తే రాదు. అయినా చుండూరు గురించి రాయాలి. అందుకయ్యే ఖర్చు మనమే పెట్టుకోవాలి.